రెండంగుళాల ఆవకాయ మరక

మా శాఖ పేరు ఋతు సంబరాల శాఖ. రాష్ట్రంలో ఋతువులు వేళకి వస్తున్నాయా లేదా, వస్తే జనం వాటిని తగినంత ఉత్సాహంతో ఎదుర్కొంటున్నారా లేదా అన్నది చూడటం మా పని. వానాకాలంలో వానలు పడకపోతే అది మా తప్పు కాదు. పడ్డట్టు జరపవలసిన సంబరం జరపకపోతే మాత్రం మెమో వస్తుంది. నేను ఈ శాఖవారి డివిజన్ కార్యాలయంలో బి సెక్షన్ సూపరింటెండెంటుని. పేరు భీమశంకరం. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో నా మీద ఒక్క రిమార్కు లేదు. నా చేతి మీదుగా ఒక్క పనీ జరగకపోవడమే అందుకు కారణమని మా ఆవిడ హైమ అంటుంది.

మార్చి మొదటివారంలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పైవాళ్ళలో ఎవరో, ఎక్కడో ఓ విందులో, పాతకాలపు పింగాణీ పళ్ళాలూ చేత్తో పువ్వులు కుట్టిన బల్లగుడ్డా చూసి ముచ్చటపడ్డారట. ఆ ముచ్చటేదో ఇంటికెళ్ళి ఇల్లాలికి చెప్పుకుంటే సరిపోయేది. ఆయన దాన్ని ఫైలు మీద రాశారు.

"ప్రతి డివిజన్ కార్యాలయమునందును ఉగాదికి ముందు పదిహేను దినములు ‘వసంత వారసత్వ విందు బల్ల’ ఏర్పాటు చేయవలెను. బల్లపై ఆరుగురికి సరిపడు, యాభై సంవత్సరములకు తక్కువ కాని పళ్ళెములును, వంశపారంపర్యముగా సంక్రమించిన చేతికుట్టు వస్త్రమును ఉండవలెను. వారసత్వ సంపదకు హాని కలుగకుండుటకై బల్లపై ఎట్టి ఆహారమును ఉంచరాదు. విందునకు విచ్చేసినవారు కూర్చుండరాదు."

మా డిప్యూటీ డైరెక్టరు త్రివిక్రమరావు గారు దాన్ని మూడుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"చూశారా భీమశంకరం గారూ! విందు ఉంటుంది, తిండి ఉండదు. చాలా లోతైన ఆలోచన. మన స్థాయిలో మనకి అందదు. మనం అమలు చెయ్యడమే."

అమలు చెయ్యడానికి స్టోర్‌కీపరు గవర్రాజు అడ్డొచ్చాడు. మనిషి మంచివాడే గాని స్టోర్సు రూల్సు పుస్తకం మొత్తం నోటికి వచ్చు. ప్రభుత్వం కొనే వస్తువేదైనా కొత్తదై ఉండాలి, ఏడాది గ్యారంటీ ఉండాలి అని అందులో ఉంది. యాభై ఏళ్ళనాటివి, కొత్తవి, గ్యారంటీ ఉన్నవి అయిన పళ్ళాలు కావాలని మేం కబురు చేస్తే, బజారు నుంచి ఒకతను దుకాణం చీటీ కూడా ఊడని పళ్ళాలు ఆరు పట్టుకొచ్చాడు.

"పాతవి కదయ్యా అడిగింది?" అన్నాను.

"ఎంత పాతగా కావాలో సెప్పండి సార్, ఇసకేసి రుద్దించేత్తాను. యాభై ఏళ్ళకైతే రెండ్రోజులు పడద్ది. వందేళ్ళకైతే వారం టైమివ్వాలండి" అన్నాడతను.

డి.డి. గారికి ఇందులో తప్పేమీ కనిపించలేదు. ఇసకతో వచ్చిన వయసును వయసుగా పరిగణించవచ్చునా అని స్పష్టత కోరుతూ పైకి రాయమన్నారు. సరిగ్గా అక్కడ నేను నోరు మూసుకుని ఊరుకుంటే మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. కానీ ఎప్పుడూ లేంది ఆ వేళ నాకు చొరవ పుట్టింది.

"అలాంటివి మా ఇంట్లో ఉన్నాయండి" అన్నాను.

ఉన్నాయి. మా అత్తయ్యగారి పేరు రత్నమాణిక్యం. ఈ ఊరి ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు కుట్టు టీచరుగా చేసి రిటైరయ్యారు. మావగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. ఆవిడ తండ్రి యుద్ధం రోజుల్లో రంగూన్ నుంచి ఓడెక్కి వస్తూ బొంతలో చుట్టి పింగాణీ పళ్ళాలు తెచ్చాడు. నీలం అంచు, మధ్యలో నెమలి. ఎనిమిది ఓడెక్కితే ఆరు దిగాయి. ఇక బల్లగుడ్డ ఆవిడ ట్రైనింగు చదివే రోజుల్లో మొదలుపెట్టింది. ఇంట్లోకి ఓ మనిషి వచ్చినప్పుడల్లా, పుట్టి వచ్చినా పెళ్ళాడి వచ్చినా, ఆ ఏడు ఉగాదినాడు ఆ గుడ్డ మీద వాళ్ళ పేర ఓ పువ్వు కుడుతుంది. ఆ మధ్యాహ్నం బల్ల మీద గుడ్డ పరిచి, నెమలి పళ్ళాల్లో పచ్చడీ బొబ్బట్లూ పెట్టి, అందరి భోజనాలూ అయ్యాక, అందరూ చూస్తూ ఉండగా కుడుతుంది. హైమది సన్నజాజి. నాది బంతిపువ్వు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఈ ఏడు కుట్టవలసింది మా మనవరాలి పువ్వు. మా అమ్మాయి మృదులకి నాలుగు నెలల కిందట ఆడపిల్ల పుట్టింది. పండక్కి తీసుకొస్తోంది. ఇంకో సంగతి కూడా ఉంది. కంటి డాక్టరు అత్తయ్యగారి కళ్ళలోకి లైటు వేసి చూసి, వచ్చే ఏటికి సూది బెజ్జం మాట మర్చిపొమ్మన్నాడు. చెయ్యగలిగిందేమీ లేదన్నాడు.

ఇంట్లో మాట కదపగానే హైమ కస్సుమంది.

"ఏవండీ, మతి గానీ పోయిందా? మీ ఆఫీసుకెళ్ళిన వస్తువు తిరిగి రావడం ఎప్పుడైనా చూశారా? పోయినేడు పట్టికెళ్ళిన గొడుగే ఇంకా రాలేదు."

"పోనీలేవే" అన్నారు అత్తయ్యగారు. "గవర్నమెంటు వాళ్ళు ముచ్చటపడి చూస్తామంటే లేదంటామా? పట్టికెళ్ళండి అల్లుడుగారూ. పండగనాటికి మాత్రం నా చేతిలో పెట్టెయ్యాలి. పాపాయి పువ్వు ఈ ఏడు కుడితే కుట్టినట్టు. ఆ తరవాత నావల్ల కాదు."

"ముందురోజు సాయంత్రమే తెచ్చేస్తానండి" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

మర్నాడు గవర్రాజు పళ్ళాలన్నీ బోర్లించి, వెనకాల తెల్ల పెయింటుతో నంబర్లు వేశాడు. ఋ.సం.శా. బార్ ప బార్ ఒకటి నుంచి ఆరు. గుడ్డ మీద పెయింటు నిలవదని వెనకవైపు ఊదారంగు ముద్ర కొట్టాడు. నేను వెళ్ళి చూసేసరికి ముద్ర ఇవతలికి ఊరి, నా బంతిపువ్వు మీద మా శాఖ చిహ్నం కనిపిస్తోంది.

"ఇదేంటయ్యా గవర్రాజూ! ఇది అరువు తెచ్చింది కదా!"

"గేటు దాటి లోనకొచ్చిందేదీ నంబరు లేకుండా ఉండకూడదండి. రేపు ఆడిటోళ్ళొచ్చి ఇదేంటంటే మీరు సెప్తారా, నేను సెప్పాలా? పైగా రిజిస్టర్లో అరువు అనే గడి లేదండి. ‘కొన్నది’, ‘దానంగా వచ్చింది’, రెండే ఉన్నాయి. కొనలేదు కాబట్టి దానంలో ఏసేశాను. ఇక్కడో సంతకం కొట్టండి."

రిజిస్టర్లో గడి లేదంటే నేను మాత్రం ఏం చేస్తాను? కొట్టాను. బల్లమీద పెట్టే అట్టకి నమూనా కూడా పైనుంచే వచ్చింది. కుట్టినవారి పేరు రాసేచోట ‘కీర్తిశేషులు’ అని ముందే అచ్చయి ఉంది. వారసత్వమంటే ఇచ్చినవాళ్ళు ఉండకూడదని పైవాళ్ళ ఉద్దేశం. గవర్రాజు దాని పక్కన అత్తయ్యగారి పేరు అందంగా రాశాడు.

హాల్లో బల్ల వేశాం. గుడ్డ పరిచాం. ఆరు పళ్ళాలు, ఆరు ఖాళీ గ్లాసులు, చుట్టూ ఎర్రతాడు. కూర్చోరాదు గనక కుర్చీలు తీసేశాం. మధ్యలో మామిడి రెమ్మ పెడదామంటే, పిందె ఉన్న రెమ్మ ఆహారం కిందికి వస్తుందని డి.డి. గారు పిందెలు కోయించి ఆకులు మాత్రం ఉంచారు.

వారం తిరక్కుండా రాష్ట్ర పరిశీలన సంఘం దిగింది. దాని అధ్యక్షులు డాక్టర్ వాచస్పతి గారు భూతద్దం చేతపట్టుకుని బల్ల చుట్టూ ప్రదక్షిణం చేశారు. నేను వెనకాలే నడుస్తూ, ఏ పువ్వు ఎవరిదో, గొలుసుకుట్టు ఎక్కడుందో, కాడకుట్టు ఎక్కడుందో చెబుతున్నాను. ఆయన వింటున్నట్టు లేదు. ఉన్నట్టుండి ఒకచోట ఆగిపోయారు.

"ఇది ఏమి?"

"మరకండి. ఆవకాయది. మా పెళ్ళైన ఏడు పండక్కి, కొత్తల్లుడి హోదాలో, నేనే ఒలకబోశానండి."

ఆయన భూతద్దం దించి, తన వెంట వచ్చినవారిని దగ్గరికి పిలిచారు.

"గమనించండి. పుష్పములు ఎవరైనను కుట్టగలరు. ఈ మరక సాక్షాత్తు కాలము కుట్టినది! ఇన్ని డివిజన్లు దర్శించితిమి. ఎక్కడ చూచినను ఉతికిన గుడ్డలే. ఉతికిన వస్త్రమునకు చరిత్ర ఎక్కడిది?"

మా బల్లకి రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చింది. డి.డి. గారు పొంగిపోయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "మీరు ఒలకబోసినప్పుడు ఏ చేత్తో తింటున్నారు?" అని అడిగారు. కుడిచేత్తోనే అన్నాను. ఆయన రాసుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. నాలుగు రోజుల్లో ‘మరకల మార్గదర్శకాలు’ అనే పదహారు పేజీల సర్క్యులరు వచ్చింది. ప్రతి వసంత వస్త్రం మీదా తప్పనిసరిగా ఒక ఆవకాయ మరక ఉండాలి. దాని అడ్డుకొలత రెండంగుళాలు. అంచు నుంచి దూరం తొమ్మిదంగుళాలు. రంగు జతపరచిన రంగుల పట్టికలో ఏడవ గడికి సరిపోవాలి. మరక వేసిన పిదప వస్త్రమును ఉతుకరాదు, కుట్టరాదు, కదల్చరాదు. బల్లకు మూడడుగుల లోపునకు మొనగల వస్తువులు తేరాదు. మా బల్లగుడ్డని ‘రక్షిత వసంత వస్త్రం’గా ప్రకటించారు. మరకలో అనుభవం ఉన్న ఏకైక కార్యాలయం మాదే కనక మిగతా డివిజన్ల వాళ్ళకి మేమే శిక్షణ ఇవ్వాలన్నారు.

ఇచ్చాం. మూడు రోజుల శిక్షణ. మొదటిరోజు ‘మరక: భావన, లక్ష్యాలు’. రెండోరోజు ‘ఆవకాయతో పరిచయం’. మూడోరోజు ప్రత్యక్ష ప్రయోగం. పదకొండు డివిజన్ల నుంచి ఇరవై ఇద్దరు ఉద్యోగులు వచ్చి, తెల్లగుడ్డలు ముందేసుకుని, టేపులూ స్కేళ్ళూ పట్టుకుని కూర్చున్నారు. మరక చెంచాతో వెయ్యాలా, అన్నం కలుపుతూ సహజంగా పడనివ్వాలా అని ఒకాయన అడిగాడు. సహజంగా పడితే రెండంగుళాలు వస్తుందన్న హామీ లేదని ఇంకో ఆయన లేచాడు. గంటసేపు చర్చ జరిగింది. ప్రయోగానికి కేటాయించిన ఆవకాయని మధ్యాహ్నం పెరుగన్నంలో నంజుకున్నందుకు ఒకాయనకి సంజాయిషీ నోటీసు ఇవ్వవలసి వచ్చింది. ప్రధాన ఉపన్యాసం నాది. ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి నా మెడలో దండ వేశారు. సిగ్గుతో చెబుతున్నాను, నాకు బాగానే అనిపించింది.

ఉగాది ముందురోజు మధ్యాహ్నం గుడ్డా పళ్ళాలూ ఇప్పించమని డి.డి. గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"భీమశంకరం గారూ, మీరు కూడానా! అది రక్షిత వస్త్రం. పైగా దానం. మీ సంతకమే ఉంది. దానం చేసిన చేత్తో తిరిగి అడగడం ఉద్యోగి నడవడికి సంబంధించిన విషయం. నేను వినలేదనుకుంటాను."

ఇంటికి ఫోను చేసి, గుడ్డ రావడం ఆలస్యమవుతుందని నీళ్ళు నమిలాను. హైమ ఫోను పెట్టేసింది. అరగంటలో మా ఆఫీసు ముందు ఆటో ఆగింది. అత్తయ్యగారు దిగారు. చేతిలో సూదులూ దారాలూ ఉండే బిస్కెట్ల డబ్బా.

ఆవిడ నన్ను పలకరించకుండా తిన్నగా హాల్లోకి వెళ్ళి, ఎర్రతాడు దగ్గర నిలబడి, అట్టని కళ్ళజోడుకి ఆనించి నిదానంగా చదువుకున్నారు.

"కీర్తిశేషులు రత్నమాణిక్యం గారి హస్తకళ" అని పైకి చదివి, నా వైపు తిరిగారు. "ఎప్పుడు పోయానండీ?"

ఈలోగా సంగతి తెలిసి డి.డి. గారే బయటికి వచ్చారు. కుర్చీ వేయించి, మర్యాదగా నమస్కారం పెట్టారు.

"నేను పట్టికెళ్తాననడం లేదు బాబూ" అన్నారు అత్తయ్యగారు. "ఇక్కడే ఓ గంట కూర్చుని ఓ పువ్వు కుట్టుకుని పోతాను. మా మునిమనవరాలిది. చిన్న పువ్వే."

"అమ్మా, మీ భావన ఉదాత్తం. కానీ పువ్వు కుట్టడమంటే వస్త్రాన్ని మార్చడం. మార్చిన వస్త్రం పాతది కాదు. పాతది కాని వస్త్రం బల్ల మీద ఉండరాదు."

"నేను కుట్టిందే కదండీ."

"మీరు కుట్టారనడానికి ఆధారం?"

అత్తయ్యగారు ఆయన ముఖంలోకి కాసేపు చూశారు. సరిగా కనబడక చూశారో, బాగా కనబడి చూశారో నేను చెప్పలేను.

"పోనీ దరఖాస్తు పెట్టుకోండమ్మా. పైకి పంపిస్తాను. ముందు ఆ డబ్బా కొంచెం మూడడుగుల అవతల పెట్టించండి, మొనగల వస్తువులున్నాయి" అన్నారు డి.డి. గారు.

ఆవిడ దరఖాస్తు రాశారు. ‘నేను కుట్టిన గుడ్డపై నేను ఒక పువ్వు కుట్టుకొనుటకు అనుమతి ఇప్పించ ప్రార్థన’ అని. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నేను దానికి నంబరు వేశాను.

పండగరోజు మా ఇంట్లో స్టీలు కంచాల్లో భోజనాలు చేశాం. మృదుల పాపని తెచ్చింది. తిన్నాక అలవాటుగా అందరం బల్ల దగ్గరే కూర్చుండిపోయాం. కుట్టడానికి ఏమీ లేదని గుర్తొచ్చి ఒక్కొక్కళ్ళే లేచారు. అత్తయ్యగారు పాపని ఒళ్ళో వేసుకుని, దాని వేళ్ళు తడిమి చూస్తూ కూర్చున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆ మధ్యాహ్నమంతా అనుకున్నాను. దరఖాస్తుకి అనుమతి వస్తుందేమోనని మృదుల ప్రయాణం ఇంకో రెండు వారాలు వాయిదా వేసుకుంది. ఆ తరవాతి ఆదివారం మాత్రం వెళ్ళక తప్పదంది.

దరఖాస్తుకి జవాబు రాలేదు గాని, పదో రోజున కొలతల బృందం వచ్చింది. మార్గదర్శకాల ప్రకారం మరకలున్నాయో లేదో చూడటానికి. వాళ్ళు మా మరక మీద స్కేలు పెట్టారు. అడ్డుకొలత మూడుంబావు అంగుళాలు. అంచు నుంచి దూరం ఏడంగుళాలు. రంగు పట్టికలో ఏ గడికీ రాలేదు.

"ఈ మరక ప్రమాణాలకు అనుగుణంగా లేదు" అని రాశారు.

"అయ్యా, ప్రమాణాలు ఈ మరకని చూసే కదండీ తయారు చేశారు?" అన్నాను.

"చూసి తయారు చేశాం. కొలిచి కాదు" అన్నాడు బృందం నాయకుడు.

మిగతా పదకొండు డివిజన్లూ నెగ్గాయి. మేమిచ్చిన శిక్షణ అంత గట్టిది. ఆదర్శ కార్యాలయం ఒక్కటే తప్పింది. డి.డి. గారు తల పట్టుకున్నారు. గంటలో కొత్తగుడ్డ తెప్పించి, ‘ఎ’ సెక్షన్ గుమాస్తా చేత టేపు పట్టి రెండంగుళాల మరక వేయించారు. ఒక్క చుక్క అటూ ఇటూ పోలేదు. పాతగుడ్డని మడిచి, "ఈ పనికిరానిదాన్ని ముందు కళ్ళెదట నుంచి తీసెయ్యండి" అని గవర్రాజు చేతిలో పెట్టారు.

నేను గవర్రాజు వెంట పరిగెత్తాను.

"పనికిరాదన్నారుగా. ఇంక నాకిచ్చెయ్యవయ్యా!"

"తిరిగిచ్చుట అనే గడి లేదండి" అన్నాడు గవర్రాజు, నిజంగానే బాధపడుతూ. "పనికిరాని గుడ్డ డస్టరు కిందికి మారద్దండి. రెండడుగులికి రెండడుగులు మించకూడదు. ఇది ఆరుకి నాలుగు. లెక్కకి ఆరు డస్టర్లు. ముందు పనికిరాదని కుట్టుపని తెలిసిన నిపుణులెవరైనా సర్టిఫికెట్టు ఇవ్వాల. మనూళ్ళో కుట్టు డిప్లమా ఉన్నోళ్ళు ఎవరున్నారండీ?"

ఎవరున్నారో ఇద్దరికీ తెలుసు.

ఆ సర్టిఫికెట్టు నేనే డ్రాఫ్టు రాశాను. ‘పై వస్త్రమును క్షుణ్ణముగా పరిశీలించితిని. ఇందు పనితనము ఏమియు లేదనియు, ఇది ఎందులకును పనికిరాదనియు ధ్రువీకరించుచున్నాను.’ అత్తయ్యగారిని స్టోరు గదిలోకి తీసుకొచ్చి, ఆవిడకి చదవడం కష్టంగా ఉంటే నేనే చదివి వినిపించాను.

"ఇది పెడితే గుడ్డ వస్తుందా?" అన్నారు.

"ముక్కలు వస్తాయండి. అవీ నా సెక్షన్‌కి వస్తేనే."

ఆవిడ పెన్ను తీసుకున్నారు. "పేరు ముందు కీర్తిశేషులు అని రాయమంటారా?" అని గవర్రాజునడిగారు. అతను సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాడు. ఆవిడ సంతకం పెట్టారు. గవర్రాజు కాగితాలు కత్తిరించే కత్తెర తీసేసరికి, "నీకు గుడ్డ కొయ్యడం రాదు, ఇలా ఇయ్యి నాయనా" అని అందుకున్నారు.

చూపుతో కాదు, వేళ్ళతో కోశారు. ఎడమచేత్తో పువ్వులు తడుముకుంటూ, వాటి పక్కనుంచి కత్తెరని నడిపించారు. కోత ఎక్కడా తిన్నగా లేదు. లెక్కకి ఆరు వస్తే చాలు కదా అని గవర్రాజు టేపు జేబులో పెట్టుకున్నాడు. అందరి పువ్వులూ దక్కాయి. మధ్యలో పెద్ద తామర ఒకటుంది, అది ఆవిడదే. అటు తిప్పినా ఇటు తిప్పినా దానికి దారి లేకపోయింది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, దాన్ని నిలువునా కోసేశారు. నేను చూడలేక కిటికీ దగ్గరికి వెళ్ళాను.

సాయంత్రం డి.డి. గారి దగ్గరికి ఇండెంటు పట్టుకెళ్ళాను. ‘బి సెక్షన్‌కు ఆరు డస్టర్లు కావలెను. కారణం: దుమ్ము.’ ఆయన తలెత్తకుండా సంతకం చేశారు.

"ఇలాంటివాటికి కూడా నా దాకా రావాలటయ్యా?" అన్నారు.

అత్తయ్యగారి దరఖాస్తు మాత్రం ఇంకా పైనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మృదుల బండి నాలుగింటికి. నెమలి పళ్ళాలు ఆఫీసులో, కొత్తగుడ్డ మీద, తిండి లేకుండా ఉన్నాయి. మేం మా బల్ల మీద ఆరు డస్టర్లూ దగ్గర దగ్గరగా పరుచుకున్నాం. అత్తయ్యగారు పువ్వులు లేని చోటు ఒకటి వెతికి పట్టుకుని, ఆ ముక్కని ఫ్రేములో బిగించారు. కనకాంబరం కుడతానన్నారు. సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చారు. నాలుగోసారికి ఎక్కింది.

"అల్లుడుగారూ, నేను సంతకం పెట్టిన ఆ కాగితం ఎన్నాళ్ళు ఉంచుతారు?" అన్నారు కుడుతూ.

"శాశ్వతంగానండి. అలాంటి ఫైళ్ళు పారెయ్యడానికి వీల్లేదు."

ఆవిడ తలాడించి కుట్టుకుంటూ పోయారు. పాప తల్లి ఒళ్ళోంచి వంగి దారం కేసి చూస్తోంది. హైమ గడియారం కేసి చూస్తోంది. ముప్పావుగంట పట్టింది. ఆవిడ ముడి వేసి, దారం తెంపి, ఫ్రేము నా ముందుకి జరిపారు.

"ఎలా ఉంది?"

"చాలా బాగుందండి."

"ఆఫీసు మాట చెప్పకండి. చూసి చెప్పండి."

చూశాను. ఆ ఆరు ముక్కల మీదా ఉన్న పువ్వుల్లో అంత వంకరది ఇంకోటి లేదు.

"ఎడమకి ఒరిగిందండి. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి" అన్నాను.

"అనుకున్నాను. కింద ఆసరాగా ఓ ఆకు వేస్తే నిలబడుతుంది లెండి."

ఆవిడ డబ్బాలోంచి రెండు దారాలు తీసి, కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు. తరవాత రెండూ నా ముందు పెట్టారు.

"వీటిలో ఆకుపచ్చది ఏదండీ?"

నేను చూపించాను.